రాణి నవ్విన రాయి

రేడియో నోరు మూసుకుని కారు నడిపాడంటే ఆ రోడ్డు మీద ఎవరూ నమ్మరు. పదహారేళ్ళుగా గుడి శిథిలాలకు మనుషులను తీసుకెళ్ళి తీసుకొస్తున్న డ్రైవరతను. అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో గానీ, కార్ల స్టాండులో అందరికీ రేడియోనే. ఎక్కినవాళ్ళు తలుపు వేసేలోగా మొదలుపెట్టేవాడు, వాళ్ళు దిగి వీధి మలుపు తిరిగేదాకా ఆపేవాడు కాదు. అలాంటివాడు ఆ రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడను వెనక సీట్లో ఎక్కించుకుని, పన్నెండు కిలోమీటర్ల దూరానికి అన్నది రెండే మాటలు. ఒకటి, "కిటికీ దించుకోవచ్చండీ." రెండోది, "అది దిగదండీ, ఇటువైపుది దించుకోండి."

కారణం అతని మెడలోనే వేలాడుతోంది. అరచేతిలో సగం ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ. శిథిలాలను చూసుకునే ఆఫీసు ఇచ్చింది. స్టాండువాళ్ళు దాన్ని రాళ్ళాఫీసు అంటారు. ఆ బిళ్ళ ఉన్న డ్రైవరే గేటు దాటి లోపలికి వెళ్ళి అన్నీ దగ్గరుండి చూపించాలి. బిళ్ళ లేనివాడు గేటు బయట చెట్టు కింద ఈగలు తోలుకోవాలి. శిథిలాలు తప్ప చూడ్డానికి మరేమీ లేని ఊళ్ళో, గేటు దాటలేని డ్రైవరును ఎవరు పిలుస్తారు?

నాలుగు నెలల క్రితం ఒక ప్రొఫెసరుగారు రాళ్ళాఫీసుకు మూడు పేజీల ఉత్తరం రాశారు. రాజుగారి ముక్కు గురించి మీ డ్రైవరు చెప్పిన కథకు ఆధారాలేమిటని అడిగారు. ఆధారాలు. రేడియో జీవితంలో ఆ మాట వినడం అదే మొదలు. ఉత్తరం చేరిన వారానికి డ్రైవర్లందరినీ పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడిచి కూర్చోబెట్టి మూడు రోజులు క్లాసు పీకారు. చివరి రోజు ఆఫీసరు లేచి, ఇక మీదట బోర్డు మీద ఉన్నదే చెప్పాలి, ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా బిళ్ళ లాగేస్తాం అన్నాడు. తర్వాత రేడియో వైపు తిరిగి, "ముఖ్యంగా నువ్వు" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆఫీసు మనిషి మామూలు ప్రయాణికుడిలా వచ్చి మీ కార్లు ఎక్కుతాడు, ఎప్పుడొస్తాడో, ఎవరొస్తారో మీకు తెలియదు అని కూడా చెప్పాడు.

ఆ రోజు నుంచి రేడియోకు ఎక్కిన ప్రతి మనిషీ ఆఫీసు మనిషే.

పొద్దున భార్య కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే చెప్పి పంపింది. "నోరు అదుపులో పెట్టుకో. ఆ బిళ్ళ పోయిందనుకో, నువ్వు ఇంట్లో కూర్చుని ఆ కథలన్నీ నాకు చెప్తావు. నా వల్ల కాదు."

ఈ పెద్దావిడను చూడగానే అతనికి గుండెల్లో రాయి పడింది. అరవై దాటి ఉంటాయి. నలగని చీర, కాళ్ళకు బూట్లు, భుజానికి సంచీ. మెడలో కెమెరా లేదు. కెమెరా లేకుండా శిథిలాలకు వచ్చే మనిషిని అతను పదహారేళ్ళలో చూడలేదు. ఒళ్ళో ఒక నోటుపుస్తకం, దానికి గుచ్చి ఒక ఎర్ర పెన్ను. ఎర్ర పెన్నుతో లోకంలో ఎవరైనా మంచి మాట రాస్తారా?

గేటు దగ్గర బల్ల మీద దారం కట్టిన లావుపాటి పుస్తకం ఉంది. పక్కన అట్టముక్క మీద 'బోర్డులలో తప్పులున్నచో తెలుపగలరు' అని రాసి ఉంది. ఈల మెడలో వేసుకున్న గేటుమనిషి ఆ పుస్తకాన్ని నెలకోసారి ఆఫీసరుకు పట్టుకెళ్ళి చూపిస్తాడు. ఆవిడ ఆగి అట్టముక్క చదివింది.

"తిరిగొచ్చేటప్పుడు రాస్తాను" అంది.

కొంప మునిగింది అనుకున్నాడు రేడియో.

లోపలికెళ్ళాక అతను క్లాసులో నేర్చుకున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాడు. "ఇది ముఖమండపం. పొడవు ఇరవై రెండు మీటర్లు. వెడల్పు పద్నాలుగు మీటర్లు. స్తంభాలు నలభై. ప్రస్తుతం నిలిచి ఉన్నవి ముప్ఫై ఒకటి." తన గొంతు తనకే నిద్ర తెప్పిస్తోంది.

నిజానికి ఆ చోటు అంత నిద్రమొహం చోటేం కాదు. గోపురంలో సగం కూలిపోయి మిగతా సగం, తనది కాదన్నట్టు పక్కకు ఒరిగి ఉంది. గోడల మీద దేవుళ్ళలో సగంమందికి చేతుల్లేవు, ముక్కయితే ఒక్కడికీ లేదు. గర్భగుడిలో పీఠం ఉంది గానీ దేవుడు లేడు. ఆయనకు ఎప్పుడో మ్యూజియానికి బదిలీ అయింది. అక్కడ గాజుపెట్టె, ఫ్యాను, ఆదివారం సెలవు. ఇదంతా రేడియో మునుపు చెప్పే పద్ధతి. ఇప్పుడు మాత్రం "గర్భగృహం, నాలుగు మీటర్లు ఇంటూ నాలుగు మీటర్లు" అని ఊరుకున్నాడు.

ఆవిడ ఏదీ రాసుకోలేదు. నోటుపుస్తకం తెరిచి చూడటం, చుట్టూ వెతకడం, మళ్ళీ మూయడం. చివరకు ఆగి అతని మొహంలోకి చూసింది.

"రాణి నవ్విన రాయి ఎక్కడుంది బాబూ?"

రేడియోకు పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రొఫెసరుగారి మూడు పేజీలకూ మూలం ఆ రాయే.

"అలాంటిది ఏదీ లేదండీ."

"లేదా?"

"లేదండీ. బోర్డు మీద లేదు."

"ముక్కు కథ?"

"రాజుగారి ముక్కు గురించి ఎలాంటి ఆధారాలూ లేవండీ" అన్నాడు రేడియో, పాఠం అప్పజెప్పినట్టు. పరీక్ష నెగ్గేసినట్టే అనుకుని ఆవిడ మొహం చూశాడు. నెగ్గించిన మనిషి మొహంలా లేదు. దగ్గర్లో పడి ఉన్న స్తంభం ముక్క మీద ఆవిడ కూలబడి, బూటు విప్పి అందులోని ఇసుక దులిపి, మళ్ళీ తొడుక్కోకుండా చేత్తోనే పట్టుకుని కూర్చుంది.

"ఈ శిథిలాలకు రేడియో అనే డ్రైవరు ఉండేవాడట. ఉన్నాడా, పోయాడా?"

ఒక్క క్షణం అతనికి పోయాడని చెప్పాలనిపించింది. కానీ బతికున్న మనిషి తన గురించి తాను అలా చెప్పుకోవడం ఎంత అబద్ధాలకోరుకైనా కష్టమే. "నేనేనండీ" అన్నాడు.

"నువ్వా? ఆ నోరేనా ఇది?"

"అదేనండీ. ఇప్పుడు మూతపడింది."

ఆవిడ నోటుపుస్తకం తెరిచి అతని వైపు తిప్పింది. కొత్త పుస్తకం కాదు. అంచులు పసుపెక్కిపోయాయి. నీలం సిరా అక్షరాలు, రాసిన చెయ్యే వాటి మీదుగా జరిగినట్టు ప్రతి వరుసా అలుక్కుపోయి ఉంది. రేడియో కళ్ళు చిట్లించి చదివాడు. 'డ్రైవరు పేరు రేడియో. గంటలో ఎనిమిది అబద్ధాలు చెప్పాడు. ఒక్కటీ తీసిపారేసేది కాదు. ఒకటి: కాలవ కథ. రెండు: రాజు దాక్కున్న అటక...'

"మా ఆయన రాసింది" అంది ఆవిడ. "బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. ఏడేళ్ళ క్రితం ఇదే నెలలో ఇక్కడికొచ్చాడు. నన్ను రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నాను. నొప్పీ లేదు, ఏమీ లేదు. ఆయన రాళ్ళంటే నాకు విసుగు, అంతే. తిరిగొచ్చాక, రాణి నవ్విన రాయి మీద కూర్చుని ఒక్కడినే పొట్ట పట్టుకుని నవ్వానే అన్నాడు. అయితే ఏమిటి అన్నాను. బట్టలు మడతపెడుతున్నా అప్పుడు. పోయినేడు ఆయన పోయాక ఈ పుస్తకం దొరికింది."

ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రాయి మీద కూర్చుని ఆ కథ వినాలని వచ్చాను. నువ్వేమో మీటర్లు చెప్తున్నావు."

రేడియో మెడలో బిళ్ళను వేళ్ళతో అటూ ఇటూ తిప్పాడు. ఆఫీసు మనిషి ఎంత ముదురైనా, ఇలా బూటు చేత్తో పట్టుకుని కూర్చుంటుందా? కూర్చున్నా కూర్చోవచ్చు. ఆ ఆఫీసువాళ్ళను నమ్మడానికి లేదు. తేల్చుకుందామని అడిగేశాడు. "మరి ఆ ఎర్ర పెన్ను ఎందుకండీ?"

"నా పని అది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ముప్ఫై రెండేళ్ళు. రిటైరయినా అలవాటు పోలేదు. పెళ్ళి శుభలేఖ వచ్చినా దిద్ది పక్కన పెడతాను."

"ఒట్టు?"

"పిచ్చి మొహమా, నేనెవరననుకున్నావు?"

ఆ మాటతో రేడియోకు నాలుగు నెలల బరువు భుజాల మీది నుంచి దిగింది. ఆఫీసులో ఎవరూ తిట్టేటప్పుడు అంత ప్రేమగా తిట్టరు. కథ నోటి చివరకు వచ్చేసింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఒక చిక్కుందండీ" అన్నాడు తల గోక్కుంటూ. "ఏ రాయో నాకు తెలీదు."

"నువ్వు చూపించిందేగా?"

"నేను రాయిని బట్టి కథ చెప్పనండీ. నీడను బట్టి చెప్తా. పొద్దునొస్తే అటు తూర్పు గోడ దగ్గర, మధ్యాహ్నమైతే మండపంలో. ఎండలో నిలబెడితే రాణి నవ్వినా జనం నవ్వరు. ఈ పదహారేళ్ళలో రాణి ఒక ముప్ఫై రాళ్ళ మీదైనా కూర్చుని ఉంటుంది."

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాడు. ఆవిడ మాత్రం వెంటనే పుస్తకంలో వేలు పెట్టి వెతికింది. "నాలుగు దాటింది అని రాశాడు. ఎదురుగా ఏనుగుల వరస కనిపిస్తోంది అని కూడా."

"నెల ఇదే కదండీ?"

"ఇదే. తారీఖు కూడా రెండు రోజులే తేడా."

"అయితే దొరికినట్టే" అన్నాడు రేడియో. చెప్పులు విడిచి గోపురం వైపు చూశాడు, సూర్యుడి వైపు చూశాడు, ఇసుకలో అడుగులు కొలుచుకుంటూ వెళ్ళి ఏనుగులు చెక్కిన గోడ ఎదురుగా నిలబడ్డాడు. అక్కడ మూడు రాళ్ళున్నాయి. మూడింటి మీదా ఎండ మండిపోతోంది. "వీటిలో ఏదో ఒకటి. నాలుగింటికి గోపురం నీడ దేని మీదికొస్తే అదే. ఇంకో గంట కూర్చోవాలి."

కూర్చున్నారు. ఆవిడ బూటు తొడుక్కుని, సంచీలోంచి నీళ్ళసీసా, బిస్కట్ల పొట్లం తీసింది. రేడియో అప్పుచేసినవాడిలా మొహమాటపడుతూ నాలుగు బిస్కట్లు తిన్నాడు. నీడ ఇసుక మీద అంగుళం అంగుళం జరిగింది. మధ్య రాయిని ముట్టుకుంటుందేమోనని ఇద్దరూ మెడలు చాచి చూశారు. దాన్ని వదిలేసి చివరిదాని అంచు పట్టుకుంది. నాలుగు దాటి అయిదు నిమిషాలయ్యేసరికి ఆ రాయి పూర్తిగా నీడలో ఉంది. ఇద్దరు పట్టేంత వెడల్పు, పైన నున్నగా, ఒక మూల పగిలి ఉంది.

ఆవిడ వెళ్ళి దాని మీద కూర్చుంది. పూర్తిగా మధ్యలో కాదు, కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

"చెప్పు" అంది.

రేడియో ఒకసారి గేటు వైపు చూశాడు. ఈలమనిషి కుర్చీలో నిద్రపోతున్నాడు. ఇక ఆగలేదు.

"రాజు ఇరవై ఏళ్ళు కట్టించాడండీ ఈ గుడి. కట్టించాక దుర్బుద్ధి పుట్టింది. దేవుడి విగ్రహానికి నా మొహం పెట్టండి అన్నాడు. శిల్పి ఏం చేస్తాడు, పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు పెట్టాడు. ముక్కు కూడా. ఆ ముక్కు సంగతి మీకు తెలీదు, రాజు ఊళ్ళోకి వస్తున్నాడంటే ముందు ముక్కొచ్చేది, ఆ తర్వాత ఏనుగు, ఆ తర్వాత రాజు. తెర తీశారు. ఊరంతా దణ్ణం పెట్టింది. రాణి ఇదిగో ఈ రాయి మీద కూర్చుంది. పెళ్ళయిన నాటి నుంచీ పళ్ళ బిగువున ఆపుకున్న నవ్వండీ అది. ఇరవై ఏళ్ళది. ఒక్కసారి బయటికొచ్చింది. పూజారి నవ్వాడు, సేనాపతి నవ్వాడు, చివరికి ఏనుగులూ నవ్వాయి, చూడండి, నోళ్ళు తెరిచే ఉన్నాయి. రాజుకి ఒళ్ళు మండి విగ్రహం ముక్కు కొట్టేయమన్నాడు. కొట్టేశారు. అప్పుడు మంత్రి చెవిలో చెప్పాడు, మహారాజా, ఒక్క విగ్రహానికే ముక్కు లేకపోతే ఎందుకు లేదని జనం వందేళ్ళు అడుగుతారు అని. అందుకని అన్నిటికీ కొట్టేయించాడు. ఇప్పుడు వెళ్ళి చూడండి, గుడి మొత్తంలో ఒక్క దేవుడికి ముక్కుంటే నా బిళ్ళ మీకిచ్చేస్తా."

ఆవిడ నవ్వింది. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత చెయ్యి తీసేసి. నవ్వుతూ నవ్వుతూ పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగి, ఎవరికో చెప్పబోయినట్టు ఆగింది. కళ్ళు తుడుచుకుంది. రేడియో గోపురం మీది పావురాలను లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాడు.

"ఎనిమిదీ ఇందులో రాసే ఉన్నాయి" అంది కాసేపటికి. "తొమ్మిదోదే అర్థం కాలేదు. ఇక్కడ చూడు, ఏం రాశాడో. 'తొమ్మిదోది నాది. ఎనిమిదికి ఒక్కటైనా తిరిగి ఇవ్వకపోతే మర్యాద కాదు. రేడియో నోరు తెరుచుకుని విన్నాడు. ఇంటికెళ్ళాక దానికి చెప్పాలి.' దానికి అంటే నాకు. చెప్పే ఉంటాడు. నేను విని ఉండను. ఏం చెప్పాడు నీకు?"

"నాకెవరూ అబద్ధం చెప్పరండీ. చెప్పినా తెలిసిపోతుంది. అదేగా మన పని" అని నవ్వాడు రేడియో. "నాకు నిజం చెప్పినాయన ఒక్కడున్నాడు. ఎవరో పెద్ద పండితుడు. టోపీ పెట్టుకుని, ఇలాగే సాయంత్రం పూట, ఆ ఏనుగుల దగ్గర వంగి..."

అంతే. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. టోపీ పెట్టుకున్న మనిషి. నోటుపుస్తకం. రాస్తుంటే అరచెయ్యి అక్షరాల మీదుగా జరుగుతూ, చిటికెన వేలి పక్కనంతా నీలం సిరా. ఎడమ చెయ్యి.

"అమ్మా" అన్నాడు. అండీ అనడం మరిచిపోయాడు. "మీ ఆయనది ఎడమచేతి వాటమా?"

"అవును. చిన్నప్పుడు బళ్ళో ఆ చెయ్యి కట్టేసి కూర్చోబెట్టేవాళ్ళట. పంతులయ్యాక బోర్డు మీద రాస్తుంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఎందుకు?"

రేడియో జవాబు చెప్పకుండా ఏనుగుల గోడ పక్కన నిలబెట్టిన ఇనుప బోర్డు చూపించాడు. ఆవిడ లేచి వెళ్ళింది. బోర్డు మీద ఏడు వాక్యాలున్నాయి. ఆరు వాక్యాలు మీటర్లు, శతాబ్దాలు. ఏడోది ఇది: 'ఈ ఏనుగుల వరుసను ఎడమచేతివాటం గల మహాశిల్పి చెక్కినట్లు ఉలి గుర్తుల వాలు వలన స్పష్టమగుచున్నది.' కింద ఆఫీసు ముద్ర.

ఆవిడ అలాగే నిలబడిపోయింది.

"బోర్డులు రాయడానికి వచ్చిన ఆఫీసరు నా కారులోనే తిరిగాడమ్మా" అన్నాడు రేడియో నీళ్ళు నములుతూ. "ఏడు వాక్యాలు రాయాలట, ఆరే ఉన్నాయట. నీకేమైనా తెలుసా అన్నాడు. నా దగ్గరున్న నిజం ఇదొక్కటే. పండితుడు చెప్పాడు కదా అని గర్వంగా చెప్పాను. ఆయనేమో ఉలి గుర్తులు వంగి చూసి, అవును అవును, స్పష్టంగా ఉంది అన్నాడు."

"ఆధారాలు అడగలేదా?"

"అడగలేదమ్మా. ఆయన ఆఫీసరు కదా."

ఇద్దరూ మళ్ళీ బోర్డు చూశారు. అప్పుడు రేడియోకు అసలు సంగతి తలకెక్కింది. ప్రభుత్వం ముద్ర వేసిన బోర్డు మీద అబద్ధం ఉంది. దాన్ని ఎక్కించింది తను. అబద్ధమని ఋజువు ఆవిడ చేతిలో, స్వయంగా చెప్పినాయన చేతిరాతతో ఉంది. గేటు దగ్గర పుస్తకం దారంతో సహా సిద్ధంగా ఉంది. ముప్ఫై రెండేళ్ళు తప్పులు పట్టిన మనిషి, శుభలేఖలనే వదలని మనిషి.

"ఇది తెలిస్తే నా బిళ్ళ పోతుందమ్మా" అన్నాడు.

ఆవిడ విన్నదో లేదో. సంచీలోంచి రుమాలు తీసి ఏడో వాక్యం మీది దుమ్ము తుడిచింది. మిగతా ఆరింటి జోలికి పోలేదు.

"ముప్ఫై ఏళ్ళు వ్యాసాలు రాశాడు. పత్రికలన్నిటికీ పంపాడు. అన్నీ తిరిగొచ్చేవి. ఊళ్ళో ప్రతివాడి పుస్తకమూ నా బల్ల మీదికొచ్చింది. కరపత్రాలు, పాటల పుస్తకాలు, దగ్గుమందు కాగితాలతో సహా దిద్దాను. మా ఆయనది మాత్రం ఒక్క వాక్యం కూడా నా చేతికి రాలేదు" అంది. రుమాలు మడతపెట్టింది. "పద, ఎండ తగ్గింది."

గేటు దాకా రేడియో ఆవిడ వెనకే కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. ఆవిడ బల్ల దగ్గర ఆగి, పుస్తకం తెరిచి, ఎర్ర పెన్ను మూత తీసింది. ఈలమనిషి నిద్ర లేచి కుర్చీ సర్దుకుని, "తప్పులేమైనా కనిపించాయా మేడమ్?" అని ఆశగా అడిగాడు. ఆవిడ తొందరపడకుండా రాసింది. పెద్దగా, నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా. రాశాక పుస్తకాన్ని రేడియో వైపు తిప్పింది.

'ఏనుగుల వద్ద బోర్డు చదివాను. ఏడవ వాక్యంలో తప్పేమీ లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచగలరు.' కింద సంతకం, పక్కన 'ప్రూఫురీడరు, ముప్ఫై రెండేళ్ళ అనుభవం'.

రేడియో రెండుసార్లు చదివాడు. ఈలమనిషి కూడా చదివి, ఎర్ర సిరాతో మంచిమాట రావడం ఇదే మొదలు అని ఆశ్చర్యపోయాడు.

కారులో కూర్చున్నాక ఆవిడ నోటుపుస్తకం తెరిచి, తొమ్మిదో అబద్ధం కింద ఒక గీత గీసి ఏదో రాసుకుంది. రేడియో అద్దంలోంచి చూశాడు. 'పదోది నాది.'

"తప్పని తెలిసి వదిలేసింది ఇదొక్కటే" అంది ఆవిడ, అతనికీ కాదు, ఎవరికీ కాదు. తర్వాత దిగే కిటికీ వైపు జరిగి కూర్చుని, "వచ్చేటప్పుడు దారిలో ఒక పాత బావి కనిపించింది. దానికేమైనా కథ ఉందా రేడియో?" అని అడిగింది.

రేడియో కారు స్టార్టు చేసి, తల బయటికి పెట్టి సూర్యుడు ఎక్కడున్నాడో చూశాడు.

"మనం వెళ్ళేసరికి నీడ పడితే ఉంటుందమ్మా" అన్నాడు.